పోలీసుల ప్రెస్ నోట్ దగ్గరే వార్త ఆగిపోతే, ఆ తర్వాతది ఎవరు రాయాలి?

పాకాల_గట్టు | నర్సంపేట వైపు | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా ఒక మండలానికి విలేకరిగా పనిచేస్తున్నాను. జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన వచ్చే డబ్బే. ఇన్నేళ్లలో ఎన్ని అరెస్టు వార్తలు పంపానో లెక్క లేదు. ఈ రోజు పొద్దున జరిగింది చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

ఏడింటికి తలుపు తీసేసరికి ఇంటి ముందు ఒకామె నిలబడి ఉంది. మిరప తోటల్లో కూలికి పోయే మనిషి, వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చేతిలో పాలిథిన్ కవరు. అందులో ఆధార్ జిరాక్సులు, ఆస్పత్రి చీటీలు, కోర్టు కాగితాలు, వాటి మధ్యలో లామినేషన్ చేయించిన పేపర్ కటింగ్. రెండేళ్ల కిందట నేను పంపిన వార్తే అది. ‘గంజాయి ముఠా అరెస్టు’ అని హెడ్డింగ్. ఫొటోలో కుర్చీల్లో అధికారులు, టేబుల్ మీద ఒక ప్యాకెట్, అయిదు సెల్‌ఫోన్లు, వెనక వరుసలో అయిదుగురు పిల్లలు. ఎడమ నుంచి రెండోవాడు ఆమె కొడుకు. ముఖానికి ముసుగు ఉంది. అయినా మెడలో తాయెత్తు, ఒంటి మీది చొక్కా చూసి ఊరంతా గుర్తుపట్టింది. గుర్తుపట్టే శ్రమ కూడా అక్కర్లేదు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు కింద నేనే రాసి ఉన్నాను.

దీన్నెందుకు లామినేషన్ చేయించావమ్మా అని అడిగాను. కోర్టులో అడుగుతారేమో, నలిగిపోతే ఏమంటారోనని భయపడి చేయించిందట.

అయిదుగురి దగ్గరా కలిపి దొరికింది 700 గ్రాములు. పిల్లోడు పన్నెండు రోజులు రిమాండ్‌లో ఉన్నాడు. మన వరంగల్ సెంట్రల్ జైలు 2021లో తీసేశాక ములాఖత్ అంటే దూరాభారమే. ఆమె రెండు బస్సులు మారి ఖమ్మం పోయి వచ్చేదట. బయటికి వచ్చాక సర్కారు ఆస్పత్రిలో చేర్పించింది. లీగల్ ఎయిడ్ వకీలు పిటిషన్ వేశాడు. వైద్యం పూర్తి చేసుకున్నాడని పోయిన నెలలో కోర్టు అతని మీద కేసు ముగించింది. ఈ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

పిల్లోడు ఇప్పుడు ఏ మొబైల్ షాపులో పని అడిగినా ఎవరో ఒకరు ఆ కటింగ్ ఫొటో వాట్సాప్‌లో పంపుతున్నారు. ఆమె నాతో కొట్లాడలేదు. ఒక్కటే అడిగింది: “పట్టుకున్నప్పుడు రాసినవు గద సారూ, ఇడిశిపెట్టినప్పుడు ఎందుకు రాయలే?”

నా దగ్గర జవాబు లేదు. ఈ వేదికలో పేపర్లలో వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు, వకీళ్లు, ఆస్పత్రి వాళ్లు ఉన్నారు. ఇప్పుడు నేనేం చేయాలి? ఇకముందు ఎలా రాయాలి? దయచేసి చెప్పండి.

---

రాత్రి_డెస్క్ | హన్మకొండ | ఆదివారం రాత్రి 11:58

అన్నా, ఇప్పుడే పేజీలు వదిలి వచ్చాను. తప్పు మీ ఒక్కరిదే అనుకోకండి. మీరు ‘అయిదుగురు అరెస్టు’ అనే పంపి ఉంటారు. ‘ముఠా’ అన్న మాట మా దగ్గర పడి ఉంటుంది. సింగిల్ కాలమ్ హెడ్డింగ్‌లో అది చక్కగా పడుతుంది, అంతకు మించి కారణం ఉండదు. ఆ రెండక్షరాలకు ఒక పిల్లోడి జీవితం ఇట్లా ముడిపడుతుందని రాత్రి పదకొండింటికి మాకు తోచదు.

ఇంకో మాట చెప్తాను. జిల్లా పేజీల్లో కొన్ని వాక్యాలు మా వేళ్లకు అలవాటైపోయాయి. ‘మద్యానికి బానిసై’, ‘జీవితంపై విరక్తి చెంది’, ‘మతిస్థిమితం లేక’, ‘క్షణికావేశంలో’, అన్నిటికన్నా ఎక్కువగా ‘కడుపునొప్పి భరించలేక’. నేను డెస్క్‌లో చేరిన కొత్తలో మా సీనియర్‌ని అడిగాను, సార్, ఇంతమందికి కడుపునొప్పేనా అని. ఆయన ఓపికగా చెప్పాడు. మనిషి పోయాక ఇంటివాళ్లకు పరువు భయం, పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందని భయం. కడుపునొప్పి అంటే ఎవరినీ తప్పుపట్టినట్టు ఉండదు. ఫిర్యాదులో అదే రాయిస్తారు, ఎఫ్ఐఆర్‌లో అదే ఎక్కుతుంది, ఎస్సై గారు ఫోన్‌లో అదే చెప్తారు, మేమూ అదే అచ్చేస్తాం. అప్పు, డిప్రెషన్, తాగుడు, ఇంట్లో కొట్టడం, ఏదున్నా ఆ ఒక్క మాట కిందికే పోతుంది. నిజంగా కడుపునొప్పితో బాధపడి పోయినవాళ్లూ ఉంటారు. కానీ మన పేజీలు చూసి ఏ ఊళ్లో ఏం జరుగుతోందో ఎవరైనా అంచనా వేయాలనుకుంటే ఏమీ తెలియదు. ఈ మాట నన్ను ఏళ్ల తరబడి తొలుస్తోంది.

ఆత్మహత్య వార్తలకు ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రముఖంగా వేయొద్దు, పదే పదే వేయొద్దు, ఎలా చనిపోయారో వివరించొద్దు, చోటు చెప్పొద్దు, ఫొటో వాడొద్దు, హెడ్డింగ్ సంచలనంగా పెట్టొద్దు. ఆ కాగితం మా డెస్క్‌లో గోడకు అంటించి ఉంది. అయినా పురుగుల మందు డబ్బా పేరుతో సహా కాపీలు వస్తూనే ఉన్నాయి. పత్తి చేలున్న ప్రతి ఇంట్లోనూ అవే డబ్బాలుంటాయి కదా. ఆ పేరు నేను కనిపించినప్పుడల్లా తీసేస్తాను. సెలవులో ఉన్న రోజు ఏం జరుగుతుందో చెప్పలేను.

---

ఉర్సుగుట్ట_నివాసి | వరంగల్ | సోమవారం ఉదయం 7:15

మీ బాధ అర్థమైంది గానీ, మా బాధ కూడా వినండి. మా గల్లీ చివర పాడుబడ్డ ఇంట్లో సాయంత్రం ఆరైతే పదిమంది చేరతారు. పోయిన దసరా ముందు మా చెల్లె ట్యూషన్ నుంచి వస్తుంటే సైకిల్‌కు అడ్డం నిలబడ్డారు. అడగబోయిన మా బాపును నెట్టేస్తే మోచేయి విరిగింది, రెండు నెలలు కట్టు. ఆ రోజు నుంచి చెల్లె ట్యూషన్ మానేసింది. మీరు వాళ్ల పేర్లు దాచిపెడితే మాలాంటివాళ్లు ఎవరిని చూసి జాగ్రత్తపడాలి? మా గురించి ఒక్క లైన్ కూడా ఏ పేపర్లోనూ రాలేదు.

---

వడ్డేపల్లి_వకీలు | హన్మకొండ కోర్టు | సోమవారం మధ్యాహ్నం 1:30

తమ్మీ, మీ బాపును నెట్టిన కేసు వేరు. అది దాడి. దాని మీద ఫిర్యాదు ఇచ్చారా లేదా నాకు చెప్పు, ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇద్దాం. ఆ వార్త పేర్లతో సహా రావాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు. కానీ గంజాయి అన్న ఒక్క మాట కిందికి అందర్నీ తోసేస్తే మీ గల్లీకి వచ్చే మేలు కూడా లేదు. ఎందుకో చెప్తాను.

మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది, అందరూ ఎన్‌డీపీఎస్ అంటారు. అందులో శిక్ష తూకాన్ని బట్టి ఉంటుంది. గంజాయి కిలో లోపు ఉంటే ‘స్వల్ప పరిమాణం’, ఏడాది వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. కిలో నుంచి 20 కిలోల వరకు ఉంటే పదేళ్ల వరకు. 20 కిలోలు దాటితే ‘వాణిజ్య పరిమాణం’, తక్కువలో తక్కువ పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా పోవచ్చు, బెయిల్ దొరకడం చాలా కష్టం. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం, మహబూబాబాద్ మీదుగా లారీల్లో, రైళ్లలో క్వింటాళ్ల లెక్కన మన మీదుగా హైదరాబాద్ పోతుందే, అది నడిపేవాళ్లు ముఠా. 700 గ్రాములతో దొరికిన అయిదుగురు చట్టం లెక్కలో స్వల్ప పరిమాణం వాళ్లు. పేపర్లో మాత్రం ఇద్దరికీ ఒకటే హెడ్డింగ్. తూకం రాయని గంజాయి వార్త సగం వార్త. విలేకరులు ప్రెస్ నోట్‌లో మొదట చూడాల్సింది అదే.

ఇక విలేకరి అన్న చెప్పిన కేసు. 64-ఏ అని ఒక సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడ్డ మనిషి, వాడకం కేసులో గానీ స్వల్ప పరిమాణం కేసులో గానీ ఇరుక్కున్నవాడు, తనంతట తాను సర్కారు ఆస్పత్రిలోనో ప్రభుత్వం గుర్తించిన చోటనో వైద్యానికి చేరి, పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి, అంటే అతని మీద కేసు నడపడం నుంచి, మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో వదిలేస్తే మినహాయింపు పోతుంది. 39వ సెక్షన్ ఇంకోటి. నేరం రుజువైనా సరే, వెంటనే శిక్ష వేయకుండా, అతను ఒప్పుకుంటే బాండ్ మీద వైద్యానికి పంపే అధికారం కోర్టుకు ఉంది. దశాబ్దాలుగా ఉన్న సెక్షన్లు ఇవి. ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి తెలియదు. పేపర్లో ఎప్పుడైనా చదివారా అంటే లేదంటారు. అరెస్టు వార్త కింద ఒక్క వాక్యం ఉన్నా ఏదో ఒక తల్లికి దారి కనపడేది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత వకీలును ఇస్తారు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేదు. హెల్ప్‌లైన్ 15100.

అన్నా, ఇంకొక్క సంగతి. ఆ రోజు ఫొటోలో ఉన్న అయిదుగురిలో ఎవరైనా పద్దెనిమిది నిండనివాళ్లు ఉన్నారా చూసుకోండి. ఉంటే పేరు, ఫొటో, బడి, ఊరు ఏదీ బయటపెట్టకూడదు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రెస్ నోట్‌లో 19 అని ఉంటే సరిపోదు. ఆధార్ లేదనో, నోటిమాటగానో వయసు రాసిన కేసులు చాలా చూశాను.

---

వార్డు_సిస్టర్ | వరంగల్ | సోమవారం రాత్రి 10:05

నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని, పద్నాలుగేళ్ల సర్వీసు. మీరంతా గంజాయి గురించే మాట్లాడుతున్నారు, మా వార్డుకు ఎక్కువమంది వచ్చేది మాత్రం తాగే మందు వల్లే. అది పేపర్లో ఎప్పుడూ తప్పుగానే వస్తుంది.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో చెప్తాను. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు, నిద్ర ఉండదు. కొందరికి రెండు రోజుల లోపు ఫిట్స్ వస్తాయి. రెండో రోజు దాటి మూడు, నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. ఎక్కడున్నారో తెలియదు, లేనివి కనపడతాయి. మా వార్డులో ఒకాయన పక్కదుప్పటి మీద గంటల తరబడి ఏదో ఏరుతూ ఉండేవాడు. చీమలు సిస్టర్, పాపకు కుడతాయి అనేవాడు. వాళ్ల పాప అప్పటికి పెళ్లయి అత్తారింట్లో ఉంది. ఈ స్థితిలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. బి1 విటమిన్ ఇంజక్షన్, వణుకు తగ్గించి ఫిట్స్ రాకుండా చూసే మాత్రలు, సెలైన్ సకాలంలో పడితే చాలామంది అయిదారు రోజుల్లో మనుషుల్లో పడతారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ మనిషిని ఏదో గొడవలో పట్టుకుని స్టేషన్‌లో కూర్చోబెట్టారు, తర్వాత రిమాండ్ చేశారు. మూడో రోజు ఎక్కడుంటాడు? లాకప్‌లోనో జైల్లోనో. అతను అరుస్తుంటే చూసేవాళ్లకు నటన అనిపిస్తుంది. రిమాండ్‌కు ముందు వైద్య పరీక్ష చేస్తారు కదా, అప్పుడు ‘ఆఖరిసారి ఎప్పుడు తాగావు’ అని ఒక్క ప్రశ్న అడిగితే ముందే తెలిసిపోతుంది.

2017 మానసిక ఆరోగ్య చట్టంలో మందు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా జబ్బుగానే లెక్కించారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అన్నారు. ఇప్పటికీ మా ఎమర్జెన్సీకి వచ్చే కుటుంబాలు ‘కేసు అవుతుందా మేడమ్’ అనే మొదట అడుగుతాయి. కేసు భయంతో పల్లెల్లోనే గంటలు వృథా చేసి తెస్తారు. ‘మతిస్థిమితం లేని వ్యక్తి హల్‌చల్’ అని రాస్తారు చూడండి, రోడ్డు మీద తిరిగే ఆ మనిషిని పోలీసులు 24 గంటల్లోపు సర్కారు వైద్యశాలకు తీసుకెళ్లాలి, లాకప్‌లో పెట్టకూడదు. అది చట్టం. తీసుకెళ్లారా అని విలేకరులు అడగాలి. చికిత్స పొందుతున్న మనిషి ఫొటో, వివరాలు అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. వార్డు కిటికీలోంచి సెల్‌ఫోన్‌తో తీసిన వీడియో యూట్యూబ్ ఛానెల్‌లో చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వేలో మందు సమస్య ఉన్నవాళ్లలో నూటికి 86 మందికి వైద్యమే అందడం లేదని తేలింది.

---

మూడేళ్లు_దాటినోడు | కాజీపేట | మంగళవారం తెల్లవారుజామున 5:10

సిస్టర్ రాసింది చదివి రాత్రంతా నిద్రపోలేదు. ఆ చీమల మనిషిని నేనే కావచ్చు, లేదా నాలాంటి ఇంకొకరు కావచ్చు.

ఆటో నడుపుతాను. అడ్డా దగ్గర కిరాయి గురించి గొడవై ఒకతని తల పగిలింది. తప్పు నాదే, ఒప్పుకున్నాను. అప్పటికి రోజూ పొద్దున లేవగానే తొంభై మిల్లీలీటర్ల మందు పడాల్సిందే, లేకపోతే బీడీ వెలిగించడానికి కూడా చేతులు నిలవవు. పోలీసులు పట్టుకోకముందే భయంతో ఒక రోజు తాగలేదు. తర్వాత స్టేషన్, కోర్టు. మూడో రోజు తెల్లవారుజామున గోడ మీదనుంచి నీళ్లు కారుతున్నట్టు, ఆ నీళ్లలో మా అవ్వ పిలుస్తున్నట్టు ఉంది. గోడకు తల బాదుకున్నానట. ఒక హెడ్ కానిస్టేబుల్ గుర్తుపట్టాడు. వాళ్ల అన్న కూడా అట్లాగే పోయాడట. ఆయనే జీపులో వేసుకుని ఆస్పత్రికి తెచ్చాడు. ఆయన లేకపోతే నేను లేను.

మర్నాడు పేపర్లో ‘మద్యం మత్తులో నిందితుడి వీరంగం’ అని వచ్చింది. నేను మూడు రోజులుగా చుక్క తాగలేదు. తాగనందుకే అట్లా అయింది. మా ఆవిడ ఆ వార్త చదివి, పోలీసుల దగ్గర ఉండి కూడా తాగాడు, వీడు ఇక మారడు అనుకుని పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఏడు నెలలు రాలేదు. ఆస్పత్రి చీటీ చూపించినా నమ్మలేదు, పేపర్లో వచ్చింది కదా అనేది.

ఇప్పుడు మూడేళ్ల నాలుగు నెలలు. మందులు వాడాను, ఆదివారం తాగుడు మానినవాళ్లు కలిసే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్‌కు పోతాను. తల పగిలినతని ఇంటికి పోయి కాళ్లు పట్టుకున్నాను. లోక్ అదాలత్‌లో కేసు రాజీ అయింది. విలేకరి అన్నా, ఆ అమ్మకు నా తరఫున ఒక మాట చెప్పండి. పిల్లోడికి మొబైల్ షాపు దొరికేదాకా మా అడ్డాలో బ్యాటరీ ఆటో నడిపే పని ఇప్పిస్తాను.

---

ఆర్మూర్_సార్ | నిజామాబాద్ జిల్లా | మంగళవారం సాయంత్రం 6:20

మా వైపు కథ కల్లుది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఒక్కసారిగా దాడులు చేసి దుకాణాలు మూయించారు. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది వింతగా ప్రవర్తించడం మొదలుపెట్టారు. మా బాపు కూడా. మెడ ఒకవైపు తిరిగిపోయింది, నోట నురగ, రాత్రంతా గోడలతో మాటలు. ఆ కల్లులో చెట్టు కల్లు ఎంతో గానీ, అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలిపేవాళ్లు. ఏళ్ల తరబడి అది పడ్డ ఒంటికి ఒక్కరోజులో ఆపేస్తే అట్లాగే అవుతుంది. మెల్లగా తగ్గించాలి, డాక్టరు చూడాలి.

ఆ వారం పేపర్లలో, టీవీల్లో ఎట్లా వచ్చిందో గుర్తుందా? ‘కల్లు దొరక్క పిచ్చి చేష్టలు’. మెడలు వంకర పోయిన మనుషుల వీడియోలు వేసి కింద నవ్వు వచ్చే శబ్దాలు పెట్టారు. మా బాపు బడి నుంచి బ్యాంకు దాకా అందరికీ తెలిసిన మనిషి. జిల్లా ఆస్పత్రిలో మంచం దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకుపోయాను. మా వైపు ఎర్రగడ్డ అంటే తిట్టు కదా. ఆయన బస్సులో నా చేయి పట్టుకుని, నన్ను పిచ్చోణ్ని చేసినారా బిడ్డా అని ఏడ్చాడు. ఆరేళ్లు బతికాడు ఆ తర్వాత, ఒక్క చుక్క ముట్టలేదు, కానీ ఊళ్లో మళ్లీ రచ్చబండ మీద కూర్చోలేదు.

దాడులు చేయొద్దని నేననను. ఆ మందులు కలిపినవాళ్లు జైలుకు పోవాల్సిందే. దుకాణం మూసే రోజుకు ముందే పీహెచ్‌సీల్లో మాత్రలు, డాక్టర్లు సిద్ధంగా ఉండాల్సింది. ‘ఏర్పాట్లు చేశారా’ అని ముందురోజు ఏ విలేకరీ అడగలేదు.

---

పరకాల_అమ్మ | మంగళవారం రాత్రి 9:15

నాకు టైపింగ్ రాదు, మా బిడ్డ రాసి పెడుతోంది. మా పెద్దోణ్ని తాగుడు మానిపిస్తారని ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించాను. నెలకు పదిహేను వేలు. పుస్తెల తాడు కుదవ పెట్టాను. నెల దాకా చూడనివ్వలేదు. చూసినప్పుడు చీలమండ దగ్గర నల్లగా చారలు. రాత్రి గొలుసు వేసేవాళ్లట. వాడు ఇప్పుడు మందు సంగతి దేవుడెరుగు, డాక్టరు అంటేనే వణుకుతాడు. ఇది ఎవరికి చెప్పాలి?

---

వార్డు_సిస్టర్ | మంగళవారం రాత్రి 9:50

అమ్మా, గొలుసుతో కట్టడం నేరం. 2017 చట్టంలో 95వ సెక్షన్ స్పష్టంగా నిషేధించింది. తాగుడు మానిపించే సెంటర్లు కూడా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టర్ కావాలి. రసీదులు, బాబు కాళ్ల ఫొటోలు ఉంటే జాగ్రత్త పెట్టండి. వకీలు గారు ఫిర్యాదు రాసి పెడతారు. బాబును ముందు ఆస్పత్రికి రమ్మనకండి. 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడమనండి, టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు అక్కర్లేదు. గొంతు వినడానికి అలవాటుపడితే మనిషిని చూడడానికి వస్తాడు. వచ్చే రోజు నాకు ఇక్కడ మెసేజ్ పెట్టండి, గేటు దగ్గరికి నేనే వస్తాను.

---

మోడరేటర్ | మంగళవారం రాత్రి 10:30

ఒక సభ్యుడు పెట్టిన కామెంట్ తీసేశాం. అందులో చనిపోయిన ఒకరి పేరు, చనిపోయిన తీరు ఉన్నాయి. ఆయన మంచి ఉద్దేశంతోనే రాశారు, విడిగా మాట్లాడాం.

---

ఉర్సుగుట్ట_నివాసి | బుధవారం ఉదయం 8:00

వకీలు అన్నా, ఫిర్యాదు ఇవ్వలేదు. భయపడ్డాం. ఈ శనివారం బాపును తీసుకుని వస్తాను.

నా మాట నేను మార్చుకోను. కొట్టేవాళ్ల పేర్లు రావాలి. కానీ ఒక సంగతి రాయాలనిపించింది. ఆ పాడుబడ్డ ఇంటి దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకడు నా చిన్నప్పటి దోస్తు. నాలుగో తరగతి దాకా ఒకే బెంచీ. వాళ్ల నాన్న పోయాక వాడిట్లా అయ్యాడు. బాపును నెట్టింది వాడు కాదు, అడ్డం వచ్చి ఆపబోయింది వాడే. సిస్టర్, వాడిని తీసుకొస్తే చూస్తారా?

---

వార్డు_సిస్టర్ | బుధవారం ఉదయం 8:12

తీసుకురండి. సోమ, గురువారాల్లో పొద్దున తొమ్మిది లోపు వస్తే ఓపీలో రద్దీ తక్కువ.

---

రాత్రి_డెస్క్ | బుధవారం రాత్రి 12:20

ఈ రోజు మా డెస్క్‌లో ముగ్గురం కూర్చుని పాత వార్త ఒకటి తీసుకుని తిరగరాశాం. చూసి చెప్పండి. ఊరు, పేర్లు తీసేశాను.

పాతది: “మద్యానికి బానిసైన ఓ వ్యక్తి భార్య మందలించిందని మనస్తాపం చెంది, జీవితంపై విరక్తితో పురుగుల మందు తాగి ఆత్మహత్య చేసుకున్నాడు.”

కొత్తది: “మండల కేంద్రానికి చెందిన 38 ఏళ్ల రైతు మంగళవారం మృతి చెందారు. ఆయన కొన్నేళ్లుగా మద్యం అలవాటుతో, పంట అప్పులతో ఇబ్బంది పడుతున్నారని కుటుంబ సభ్యులు తెలిపారు. పోలీసులు కేసు నమోదు చేశారు. ఇలాంటి ఇబ్బందుల్లో ఉన్నవారు 14416కి ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు.”

లైన్ల లెక్కలో కొన్ని లైన్లు పెరిగాయి. పాతదాంట్లో ‘భార్య మందలించిందని’ అన్న ముక్క ఉంది చూశారా, ఆ ఒక్క మాటతో ఆమెను ఊరు జీవితాంతం హంతకురాలిగా చూస్తుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయే ఆ సంగతి పట్టింది. నాకు ఇన్నేళ్లలో తట్టలేదు.

---

పాకాల_గట్టు | నర్సంపేట వైపు | మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 9:05

ఆలస్యమైంది, మన్నించండి. మీరు చెప్పినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుని పని మొదలుపెట్టాను.

ముందు ఆ అయిదుగురి సంగతి. వకీలు గారూ, మీ అనుమానం నిజమే. ఒకడికి ఆ రోజుకు పదిహేడేళ్ల రెండు నెలలు. బడి ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ చూశాను. వాడి పేరు, ఫొటో నేను వేశాను. వాళ్లింటికి పోయి తల్లిదండ్రుల ముందు తప్పు ఒప్పుకున్నాను. తండ్రి ఏమీ మాట్లాడలేదు, మంచినీళ్లు ఇచ్చాడు. ఆ గ్లాసు పట్టుకుని కూర్చోవడం చాలా కష్టమైంది. ఈ విషయం మా ఆఫీసుకు కూడా రాతపూర్వకంగా తెలిపాను.

మిగిలిన ముగ్గురిలో ఇద్దరి కేసులు నడుస్తున్నాయి. 64-ఏ గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరినీ న్యాయ సేవాధికార సంస్థకు పంపాను. అయిదోవాడు మళ్లీ గంజాయితోనే తిరుగుతున్నాడు. వాడి కోసం రెండుసార్లు పోయాను, దొరకలేదు.

ఆ అమ్మ కొడుకుతో మాట్లాడాను. నీ మీద కేసు ముగిసిందని వార్త రాస్తాను, పేరు వేయనా అంటే చాలాసేపు ఆలోచించాడు. పేరు వద్దన్నా, మళ్లీ గుర్తుచేసినట్టు అవుతుంది అన్నాడు. అందుకని పేరు లేకుండా, ‘రెండేళ్ల కిందటి గంజాయి కేసులో వైద్యం పూర్తి చేసుకున్న యువకుడిపై ప్రాసిక్యూషన్ ముగించిన కోర్టు’ అని, 64-ఏ అంటే ఏమిటో నాలుగు వాక్యాల్లో వివరించి పంపాను. డెస్క్ అన్నా, అది మీ పేపరు కాదు గానీ, మా డెస్క్‌లో కూడా మీలాంటివాడు ఒకడు ఉన్నట్టున్నాడు. రెండు కాలమ్‌లు ఇచ్చారు. వార్త వచ్చిన రోజు నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. తొమ్మిది తల్లులవి, ఒకటి తండ్రిది, ఒకటి పక్క మండలం విలేకరిది. అందరూ అదే అడిగారు, ఏ ఆస్పత్రికి పోవాలి, ఏ వకీలును కలవాలి అని.

పిల్లోడు కాజీపేట అన్న దగ్గర ఆటో నడుపుతున్నాడు. పొద్దున ఆరింటికి లేస్తున్నాడని అమ్మ చెప్పింది.

ఒక్కటి మాత్రం తేలలేదు. పాత వార్త ఈ-పేపర్‌లో, రెండు వెబ్‌సైట్లలో అలాగే ఉంది. అతని పేరు కొడితే మొదట అదే వస్తోంది. మా ఆఫీసును అడిగితే ఆర్కైవ్‌లో మార్పులు చేయడం కుదరదన్నారు.

---

వడ్డేపల్లి_వకీలు | శుక్రవారం రాత్రి 10:40

కుదరదని నోటిమాటతో అంటే సరిపోదు. కనీసం ఆ వార్త కిందనే ‘ఈ కేసులో ఫలానా తేదీన ప్రాసిక్యూషన్ ముగిసింది’ అని చేర్చమని రాతపూర్వకంగా అడుగుదాం. పదిహేడేళ్ల పిల్లోడి పేరు, ఫొటో మాత్రం తీసేయాల్సిందే, అందులో వాళ్లకు ఎంపిక లేదు. సోమవారం పదిన్నరకు కోర్టు క్యాంటీన్ దగ్గర ఉంటాను. ఆర్డర్ కాపీ, బోనఫైడ్, ఆ వెబ్‌సైట్ల ప్రింట్లు తెండి. అమ్మను కూడా తీసుకురండి. లామినేషన్ చేయించిన ఆ కటింగ్ మర్చిపోవద్దని చెప్పండి, అర్జీతో జతపరుద్దాం.